సూక్ష్మనాళిక ఎలా మొలుస్తుంది, ఎలా పెరుగుతుంది: క్యూవెట్ నుంచి కణం దాకా

మొదటిసారి మేక మెదడు నుంచి ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ తీసిన రోజు, సెంట్రిఫ్యూజ్ మూత తెరిచి చూస్తే గొట్టం అడుగున ఏమీ లేదు. తెల్లవారుజామునే వెళ్ళి మెదళ్ళు తెచ్చాను, రోజంతా ఐస్ బకెట్ పక్కనే కూర్చున్నాను, సాయంత్రానికి ఖాళీ గొట్టం మిగిలింది. చేసిన తప్పు చిన్నది. ట్యూబ్యులిన్ ముక్కలు ఒకదానికొకటి చేరి కట్టుకునే సన్నటి గొట్టాలే సూక్ష్మనాళికలు. 37 డిగ్రీల దగ్గర గంటసేపు కట్టుకున్న వాటిని కోల్డ్ రూమ్‌లోంచి తెచ్చిన చల్లటి రోటర్‌లో (సెంట్రిఫ్యూజ్‌లో తిరిగే లోహపు భాగం) పెట్టి తిప్పాను. ఆ చలికి అవన్నీ విడిపోయి మళ్ళీ ద్రవంలో కలిసిపోయాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ సూక్ష్మనాళిక, అదే మైక్రోట్యూబ్యూల్, అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. పాఠ్యపుస్తకంలోని బొమ్మ చూస్తే అదేదో ఇనుప పైపు అనిపిస్తుంది. వేడి తగిలితే కట్టుకుని, చలి తగిలితే కరిగిపోయే పైపు ఎక్కడైనా ఉందా? కట్టుకునే గుణం, కూలే గుణం రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతా విషయమంతా దాని వెంటే వస్తుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదికో ఈ ప్రయోగం చేయబోయే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రతి దశలో ముందు క్యూవెట్‌లో (కాంతి కొలిచేందుకు ద్రవం పోసే చిన్న పారదర్శక పాత్ర) ఏం చేయాలో చెప్పి, ఆ పనినే కణం ఎలా చేసుకుంటుందో చెబుతాను. ల్యాబ్ లేనివాళ్ళు కూడా చదువుకోవచ్చు, గ్రాఫ్‌ను మనసులో గీసుకుంటే చాలు.

1. ముందు ముక్కను తెలుసుకోండి

ట్యూబ్యులిన్ ఎప్పుడూ జంటగా ఉంటుంది. ఒకటి ఆల్ఫా, ఒకటి బీటా, ఒక్కోటి సుమారు 50 కిలోడాల్టన్లు. జంట పొడవు 8 నానోమీటర్లు. జంటల మీద జంటలు వరుసగా నిలబడితే ఒక పోగు అవుతుంది, దీన్నే ప్రోటోఫిలమెంట్ అంటారు. అలాంటి పోగులు 13 పక్కపక్కన చేరి, చాప చుట్టినట్టు గుండ్రంగా మూసుకుంటే 25 నానోమీటర్ల వెడల్పున్న గొట్టం తయారవుతుంది. జంటలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి గొట్టం రెండు కొసలూ ఒకలాంటివి కావు. బీటా బయటికి ఉన్నది ప్లస్ కొస, ఆల్ఫా బయటికి ఉన్నది మైనస్ కొస. పెరుగుదల ఎక్కువగా ప్లస్ కొస దగ్గరే.

చాలామంది వదిలేసే ఒక విషయం కూడా చెబుతాను. పక్కపక్క పోగుల్లో ఆల్ఫా పక్కన ఆల్ఫా, బీటా పక్కన బీటా వస్తాయి. గొట్టం మూసుకునే ఒక్క గీత వెంట మాత్రం ఆల్ఫా పక్కన బీటా పడుతుంది. చొక్కా చేతికి పొడుగునా ఒక కుట్టు ఉంటుంది చూడండి, అలాగన్నమాట. శాస్త్రవేత్తలు దాన్ని పిలిచేది కూడా కుట్టు అనే.

ఇక అసలు సంగతి జీటీపీ, మూడు ఫాస్ఫేట్లున్న, శక్తినిచ్చే చిన్న అణువు. ఆల్ఫాలో ఒక జీటీపీ, బీటాలో ఒక జీటీపీ ఉంటాయి. ఆల్ఫాలోది లోపల ఇరుక్కుపోయి ఉంటుంది, మారదు. బీటాలోది మారుతుంది, విరుగుతుంది, ఒక ఫాస్ఫేట్ ఊడి జీడీపీ అవుతుంది. కింద చెప్పబోయే కథంతా ఈ రెండోదాని చుట్టూ తిరుగుతుంది.

2. బఫర్: కాల్షియంను బయట పెట్టడం

గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో కణాన్ని ఉన్నదున్నట్టు బిగించి ఉంచడం (ఫిక్స్ చేయడం) వచ్చాక, 1963లో లెడ్‌బెటర్, పోర్టర్ మొక్క కణాల్లో ఈ గొట్టాలను స్పష్టంగా చూపించారు. కానీ వాటిని గాజు గొట్టంలో కట్టించడానికి ఇంకా తొమ్మిదేళ్ళు పట్టింది. 1972లో రిచర్డ్ వైజెన్‌బర్గ్ మెదడు రసంలోని కాల్షియంను, దాన్ని పట్టుకునే ఈజీటీఏ అనే రసాయనంతో కట్టేసి, జీటీపీ ఇచ్చి, వెచ్చబెట్టేసరికి సూక్ష్మనాళికలు వాటంతట అవే కట్టుకున్నాయి. అంతకు ముందు అడ్డుపడింది కాల్షియమే. ఈ రోజుకీ మనం వాడే బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) ఆ పాఠమే ఉంది.

బీఆర్‌బీ80 అనే ఈ బఫర్‌లో పీహెచ్‌ను నిలబెట్టే పైప్స్ (PIPES) అనే రసాయనం 80 మిల్లీమోలార్, 1 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఈజీటీఏ ఉంటాయి. పీహెచ్ 6.8. మెగ్నీషియం తప్పనిసరి, జీటీపీ ట్యూబ్యులిన్‌లో కూర్చునేది దానితో కలిసే.

పైప్స్ పొడిని నీళ్ళలో వేస్తే కరగదు. సున్నం కలిపినట్టు తెల్లగా తిరుగుతూ ఉంటుంది. కొత్తవాళ్ళు ఇక్కడే టెన్షన్ పడి ఇంకా నీళ్ళు పోసేస్తారు. పోయకండి. పొటాషియం హైడ్రాక్సైడ్‌ను కొంచెం కొంచెంగా కలుపుతూ వెళ్ళండి. పీహెచ్ ఆరు దాటే వేళకు తెల్లదనం విరిగి, చూస్తుండగానే ద్రవం తేటబడుతుంది. పీహెచ్ సరిచూసుకున్నాకే చివరి కొలతకు నీళ్ళు కలపండి.

3. ట్యూబ్యులిన్ తీయడం

మెదడే ఎందుకంటే, అందులో కరిగే ప్రోటీన్లలో పదో వంతుకు పైగా ట్యూబ్యులినే. నాడీకణాల పొడవాటి కొమ్మల నిండా ఈ గొట్టాలే కదా. మన దేశంలో చాలా ల్యాబులు మేక మెదడు వాడతాయి. కొట్టు అతనితో ముందురోజే మాట్లాడుకోండి. కోసిన గంటలోపు మెదడు ఐస్‌లోకి చేరాలి. మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉన్నది కూరకు పనికొస్తుందేమో కానీ దీనికి పనికిరాదు.

పైపొరలు, రక్తం గడ్డలు తీసేసి, చల్లటి బఫర్‌లో రుబ్బి, చల్లగానే తిప్పండి. చలిలో ట్యూబ్యులిన్ కరిగి ఉంటుంది కాబట్టి పైన తేటలో మిగులుతుంది, చెత్త అడుక్కు పోతుంది. ఆ తేటకు గ్లిసరాల్, జీటీపీ, ఏటీపీ కలిపి 37 డిగ్రీల్లో గంట ఉంచండి. ఇప్పుడు వెచ్చటి రోటర్‌లో, భూమ్యాకర్షణకు లక్ష రెట్లకు పైగా బలం (లక్షకు పైగా జీ) వచ్చే వేగంతో తిప్పితే సూక్ష్మనాళికలు అడుక్కు వస్తాయి, మిగతా ప్రోటీన్లు పైన ఉండిపోతాయి. అడుగున ఉన్నదాన్ని మళ్ళీ చల్లటి బఫర్‌లో కరిగించండి. ఇలా రెండు సార్లు చేస్తే, ఒక చలి ఒక వేడి వంతున, ట్యూబ్యులిన్ తనను తానే శుద్ధి చేసుకుంటుంది. వెచ్చబెట్టేటప్పుడు పైప్స్‌ను చాలా గాఢంగా వాడితే సూక్ష్మనాళికలకు అంటుకుని ఉండే ఇతర ప్రోటీన్లు కూడా ఊడిపోతాయి.

రోటర్‌ను ముందు రోజు రాత్రే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టండి. లోహం బరువైనది, అరగంటలో వెచ్చబడదు. నేను ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

చివరికి వచ్చిన దాన్ని చిన్న చిన్న భాగాలు చేసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించి, మైనస్ 80లో దాచండి. ఒకసారి కరిగించిన భాగాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు.

4. కలపడం

100 మైక్రోలీటర్లకు కొలతలు ఇవి. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ట్యూబ్యులిన్ 30 మైక్రోలీటర్లు, బఫర్‌లో కలిపిన 50 శాతం గ్లిసరాల్ 20, 100 మిల్లీమోలార్ జీటీపీ 1, మిగతా 49 బఫర్. అంటే చివరికి ట్యూబ్యులిన్ మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు, గ్లిసరాల్ 10 శాతం, జీటీపీ 1 మిల్లీమోలార్. అంతా ఐస్ మీదే కలపాలి, జీటీపీ చివర్లో. జీటీపీ లేని ఇంకో మిశ్రమం కూడా పక్కన సిద్ధం చేసుకోండి.

ద్రవంలోంచి ఎంత కాంతి దాటుతుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌ను 350 నానోమీటర్లకు, హోల్డర్‌ను 37 డిగ్రీలకు పెట్టండి. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర ప్రోటీనూ జీటీపీ కాంతిని పీల్చవు. మనకు కనిపించే పెరుగుదల అంతా గొట్టాలు కాంతిని చెదరగొట్టడం వల్లే. అది మొత్తం ఎంత ట్యూబ్యులిన్ గొట్టాలుగా మారిందో చెబుతుంది. పొడవాటి గొట్టాలు కొన్ని ఉన్నాయా, పొట్టివి చాలా ఉన్నాయా అన్నది చెప్పదు.

ఐస్‌లోంచి తీసిన క్యూవెట్‌ను నేరుగా లోపల పెడితే బయటి గోడ మీద చెమట పడుతుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో ఇది ఇంకా ఎక్కువ. గ్రాఫ్ సర్రున లేచి, తర్వాత దిగుతుంది, మీరేమో ఏదో కనిపెట్టామనుకుంటారు. క్యూవెట్‌ను ముందే 37 డిగ్రీల్లో వెచ్చబెట్టి, చల్లటి మిశ్రమాన్ని అందులో పోయండి. బుడగలు రానివ్వకండి.

5. గ్రాఫ్ కదలని ఆ మొదటి నిమిషాలు

బటన్ నొక్కాక కాసేపు గీత నేల మీద పాకుతూ ఉంటుంది. ఏమీ జరగడం లేదనిపిస్తుంది. నాకు ఈ ప్రయోగం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

రెండు జంటలు కలిస్తే నిలబడవు, విడిపోతాయి. మూడు కలిసినా అంతే. ఒక జంటకు పైనా కిందా, అటూ ఇటూ పట్టుకునే చేతులు దొరికితేనే అది కుదురుగా ఉంటుంది. మొదట్లో ఆ చేతులు లేవు. కొన్ని జంటలు అదృష్టవశాత్తూ ఒక చిన్న పలకలా కలిసి, విడిపోయే లోపే ఇంకొన్ని వచ్చి చేరితే అప్పుడు ఒక మొలక పడుతుంది. మొలక పడ్డాక పెరగడం తేలిక. చుట్టూ పట్టు ఉన్న కొస మీద జంట వచ్చి కూర్చుంటే చాలు. అందుకే గ్రాఫ్ మొదట బద్ధకంగా ఉండి, ఒక్కసారి నిట్టనిలువుగా లేస్తుంది.

ఇది నమ్మకం కలగాలంటే ఇంకో క్యూవెట్ పెట్టండి. జీఎంపీసీపీపీ అనే, చాలా నెమ్మదిగా మాత్రమే విరిగే జీటీపీ పోలికతో ముందే కొన్ని గట్టి గొట్టాలు కట్టించి, సన్నటి సూదిలోంచి లాగి ముక్కలు చేసి, కొద్దిగా కలపండి. ఆ ముక్కలు విత్తనాలవుతాయి. పాకే భాగం దాదాపు మాయమైపోయి, గీత మొదటి నిమిషం నుంచే లేస్తుంది. ఆలస్యమంతా మొలక పడటానికేనని కళ్ళ ముందే తేలిపోతుంది.

కణం వాడుకునేది ఈ ఆలస్యాన్నే. కణంలో 10 నుంచి 20 మైక్రోమోలార్ల ట్యూబ్యులిన్ ఉంటుంది. ఉన్న గొట్టాలు పొడవు పెరగడానికి అది సరిపోతుంది, కొత్తవి వాటంతట అవి మొలవడానికి మాత్రం సాధారణంగా చాలదు. కాబట్టి ఎక్కడ విత్తనం పెడితే అక్కడే గొట్టం మొలుస్తుంది. ఆ విత్తనం గామా ట్యూబ్యులిన్. 1989లో బెర్ల్ ఓక్లీ, ఎలిజబెత్ ఓక్లీ దీన్ని ఆస్పర్జిల్లస్ నిడులన్స్ అనే బూజులో కనుక్కున్నారు. గామా ట్యూబ్యులిన్లు 14, ఇతర ప్రోటీన్ల సాయంతో మెలిక తిరిగిన ఉంగరంలా కూర్చుంటాయి. మొదటిదీ చివరిదీ ఒకదాని మీదికి ఒకటి రావడంతో, దాని మీద సరిగ్గా 13 పోగుల గొట్టం లేస్తుంది. గాజు గొట్టంలో విత్తనం లేకుండా కట్టించినప్పుడు 12, 14, 15 పోగులవి కూడా వస్తాయి. కణంలో అచ్చు ఉంది, అందుకే లెక్క తప్పదు.

ఈ ఉంగరాలు ఎక్కువగా కణం మధ్య ప్రాంతంలో ఉండే సెంట్రోసోమ్ దగ్గర ఉంటాయి. అందుకే చాలా జంతు కణాల్లో గొట్టాల మైనస్ కొసలు మధ్యలో, ప్లస్ కొసలు అంచుల వైపు ఉంటాయి. కణ విభజనలో ఆగ్మిన్ అనే ప్రోటీన్ల గుంపు ఈ ఉంగరాన్ని తీసుకెళ్ళి పాత గొట్టం పక్కన అతికిస్తుంది, కొమ్మలోంచి కొమ్మ మొలిచినట్టు కొత్త గొట్టం మొలుస్తుంది.

6. గీత లేచేటప్పుడు

ఒక లెక్క చేసి చూడండి. పోగుకు జంట 8 నానోమీటర్లు, పోగులు 13. అంటే ఒక మైక్రోమీటరు పొడవుకు 1,625 జంటలు. శుద్ధమైన ట్యూబ్యులిన్‌తో ప్లస్ కొస నిమిషానికి ఒకటి రెండు మైక్రోమీటర్లు పెరుగుతుంది. ఒకటే అనుకున్నా, ఆ కొస మీద సెకనుకు 27 జంటలు స్థిరపడుతున్నట్టు. ఇది నికర లెక్క. నిజానికి ఇంకా చాలా వచ్చి, కూర్చుని, లేచిపోతాయి.

బతికున్న కణంలో వేగం నిమిషానికి 10 మైక్రోమీటర్లు, ఒక్కోసారి అంతకు మించి. అదే ట్యూబ్యులిన్, అంతే గాఢత, మరి ఇంత తేడా ఎందుకు? కొస దగ్గర పనివాళ్ళు ఉన్నారు. ఎక్స్‌మ్యాప్215 కుటుంబం ప్రోటీన్లు జంటలను పట్టి కొసకు అందిస్తాయి. ఈబీ1 పెరుగుతున్న కొసలను మాత్రమే గుర్తుపట్టి అంటుకుంటుంది. దానికి మెరిసే ప్రోటీన్ తగిలించి మైక్రోస్కోప్‌లో చూస్తే, కణం నిండా చిన్న తోకచుక్కలు మధ్యలోంచి అంచులకు పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు నేను మధ్యాహ్నం భోజనం మరిచిపోయాను.

7. గీత నిలిచిపోయింది, లోపల ఏదీ నిలవలేదు

కొంతసేపటికి గీత పైన చదునుగా నిలుస్తుంది. పని అయిపోయింది అనుకోవద్దు.

ప్లస్ కొస మీద కొత్త జంట వచ్చి కూర్చున్నప్పుడు, దాని ఆల్ఫా కింది జంటలోని బీటాను తాకుతుంది. ఆ తాకిడితోనే కింది బీటాలోని జీటీపీ విరగడానికి కావలసిన అమరిక పూర్తవుతుంది. అంటే పైన మరో ముక్క వచ్చి చేరడమే కింది ముక్కకు గడియారం తిప్పి పెట్టినట్టు. కాసేపటికి అది జీడీపీ అవుతుంది. కాబట్టి గొట్టం ఒంటి నిండా జీడీపీ, కొసన మాత్రం కొత్తగా వచ్చిన జీటీపీ జంటల టోపీ.

జీడీపీ జంటకు నిటారుగా ఉండటం ఇష్టం ఉండదు, వంగిపోవాలని చూస్తుంది. చుట్టుపక్కల వాటి పట్టు, కొసన ఉన్న టోపీ దాన్ని బలవంతంగా నిలబెడతాయి. టోపీ ఉన్నంత సేపు గొట్టం పెరుగుతుంది. కొత్త జంటలు రావడం కాస్త మందగించి, విరగడం వాటిని దాటిపోయిందా, టోపీ ఊడిపోతుంది. అంతే, పోగులు అరటిపండు తొక్క ఒలిచినట్టు బయటికి వంగుతూ విడిపోతాయి. పెరిగిన దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా కుదించుకుపోతుంది. కొన్నిసార్లు మధ్యలో కోలుకుని మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది.

1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ ఈ సంగతి బయటపెట్టారు. గొట్టాలున్న ద్రావణాన్ని పలుచన చేసి చూస్తే గొట్టాల సంఖ్య తగ్గింది, మిగిలిన వాటి సగటు పొడవు మాత్రం పెరిగింది. అన్నీ కొంచెం కొంచెం తరగాలి కదా? తరగలేదు. కొన్ని పూర్తిగా కూలిపోతుంటే పక్కనే ఉన్నవి పెరుగుతున్నాయి. దీనికి వాళ్ళు పెట్టిన పేరే డైనమిక్ ఇన్‌స్టెబిలిటీ. రెండేళ్ళ తర్వాత హోరియో, హోటాని డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోప్‌లో ఒక్కొక్క గొట్టం పెరగడం, కూలడం నేరుగా చూశారు.

మీ గ్రాఫ్‌లోని చదును కూడా ఇదే. కూలినవి, పెరిగినవి సరిసమానమై గీత కదలడం లేదు, అంతే.

ఇంత జీటీపీ ఖర్చు పెట్టి కణం ఎందుకు కట్టి కూల్చుకుంటుంది? కణ విభజన చూడండి. క్రోమోజోములు ఎక్కడున్నాయో కండె పోగులకు (విభజనలో క్రోమోజోములను పట్టుకునే గొట్టాలకు) ముందుగా తెలియదు. అన్ని వైపులకూ పెరుగుతాయి, ఏదీ తగలకపోతే కూలి, మళ్ళీ ఇంకో వైపు పెరుగుతాయి. క్రోమోజోము తగిలిన గొట్టం నిలబడుతుంది. విభజన సమయంలో చాలా గొట్టాల సగం ఆయుష్షు ఒక నిమిషం లోపే, మామూలు రోజుల్లో అది కొన్ని నిమిషాలు. కుదురుగా నిలబడే గొట్టాలైతే ఈ వెతుకులాట సాగేదే కాదు.

8. నిజంగా సూక్ష్మనాళికలేనా? పరీక్షలు

గ్రాఫ్ లేచినంత మాత్రాన గొట్టాలు కట్టాయని కాదు. పాడైన ట్యూబ్యులిన్ గడ్డలు కట్టినా కాంతి చెదురుతుంది, గ్రాఫ్ లేస్తుంది. అందుకే చలి పరీక్ష లేని గ్రాఫ్‌ను నేను నమ్మను, నా విద్యార్థులదైనా సరే. చదును వచ్చాక క్యూవెట్‌ను 4 డిగ్రీలకు దించండి. గొట్టాలైతే గీత కిందికి జారుతుంది. గడ్డలైతే అక్కడే ఉండిపోతుంది. జీటీపీ లేని మిశ్రమంలో గీత లేవకూడదు. ఇంకో దాంట్లో ఈజీటీఏకి మించి, 5 మిల్లీమోలార్ల కాల్షియం వేసి చూడండి, గీత పడిపోవాలి.

మందులతో పరీక్షించాలంటే మూడు చాలు. మూడూ మొక్కల నుంచి వచ్చినవే.

మన పెరట్లో పెంచే బిళ్ళగన్నేరు నుంచి వచ్చేవి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. ఆ మొక్క పుట్టినిల్లు మడగాస్కర్ అయినా ఇప్పుడు మన ఊళ్ళలో అది లేని వీధి అరుదు. విన్‌బ్లాస్టిన్ జంటకూ జంటకూ మధ్య దూరి, పోగును వంకర చేస్తుంది. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్ ముఖ్యమైన మందు.

అడవినాభి దుంపల్లో, గింజల్లో ఉండేది కొల్చిసిన్. ఇది జంట లోపలే ఆల్ఫాకూ బీటాకూ మధ్య చేరి, అది నిటారు కాకుండా అడ్డుపడుతుంది. అలాంటి జంట కొస మీద పడితే పెరుగుదల ఆగిపోతుంది. అసలు ట్యూబ్యులిన్ దొరికింది కూడా దీనివల్లే. 1967లో బోరిసీ, టేలర్ కొల్చిసిన్ ఏ ప్రోటీన్‌కు అంటుకుంటుందో వెతుకుతూ దాన్ని పట్టుకున్నారు. అడవినాభి ప్రాణాంతకమైన విషం. ఇంటి వైద్యమని దాని జోలికి ఎవరూ వెళ్ళవద్దు. ల్యాబ్‌లో కొల్చిసిన్ పొడి తూచేటప్పుడు గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి.

మూడోది టాక్సాల్, పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చింది. ఇది తిరగబడ్డ మందు. 1979లో సూసన్ హార్విట్జ్ బృందం చూపించినట్టు, ఇది గొట్టాలను కూల్చదు, కూలకుండా బిగించేస్తుంది. మీ క్యూవెట్‌లో వేస్తే ఐస్‌లో పెట్టినా గీత దిగదు. అయినా ఇది కూడా విభజనను ఆపి క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. గొట్టాలు అసలు కట్టకపోయినా ప్రమాదమే, కట్టినవి కూలకపోయినా ప్రమాదమే. ఈ మందులు తీసుకునేవాళ్ళకు చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కడం మీరు వినే ఉంటారు. వెన్ను దగ్గర మొదలై పాదం దాకా వెళ్ళే నాడీకణం కొమ్మ మీటరు దాకా పొడవుంటుంది, అంత దూరం సరుకు మోసుకెళ్ళే దారి ఈ గొట్టాలే.

9. మళ్ళీ వెచ్చబెట్టండి

చలి పరీక్ష అయిన క్యూవెట్‌ను పారబోయకండి. మళ్ళీ 37 డిగ్రీలకు తెండి. గీత రెండోసారి లేస్తుంది. మొదటిసారి కంటే కాస్త తక్కువ ఎత్తుకు వస్తే కంగారు పడకండి, కొంత ట్యూబ్యులిన్ అప్పటికే అలిసిపోయి ఉంటుంది. బాగా తక్కువగా వస్తే ఒక మైక్రోలీటరు తాజా జీటీపీ వేసి చూడండి. అప్పుడు లేచిందంటే అయిపోయింది జీటీపీ, ట్యూబ్యులిన్ బాగానే ఉంది. అప్పటికీ లేవకపోతే మైనస్ 80లోంచి కొత్త భాగం తీయండి, ఈసారి చేతి వేళ్ళ మధ్య కరిగించి వెంటనే ఐస్‌లో పెట్టండి.